ఏ సిస్టమ్‌కు ఏ ఫ్రేమ్‌వర్క్? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. విండోస్, మ్యాక్, లినక్స్ మీద ప్రోగ్రాములు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్క్‌లలో దేనిని ఎంచుకోవాలన్నదే ఆ విషయం. ఫ్రేమ్‌వర్క్ అంటే విండోలు, బటన్లు వంటివాటిని ప్రోగ్రామర్‌కు ముందే సిద్ధంగా అందించే కోడ్ సముదాయం. వాటిలో కొన్నింటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మాకు కళాశాలలో జావా స్వింగ్ నేర్పిస్తున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య, మ్యాక్‌లోని కోకో ఫ్రేమ్‌వర్క్‌కు సాటి వచ్చేది మరొకటి లేదని, మైక్రోసాఫ్ట్ వారి డాట్ నెట్ అందులోని ఆలోచనలనే ఆలస్యంగా తెచ్చుకుందని అంటాడు. మా అధ్యాపకులు డాట్ నెట్ వైపు, లినక్స్ వాడే మిత్రులు క్యూటీ వైపు మొగ్గు చూపుతున్నారు. ఎవరి మాట సరైనదో పక్షపాతం లేకుండా చెప్పగలరా?
— బి.టెక్. మూడో సంవత్సరం విద్యార్థిని, ఒంగోలు

జవాబు: మీ అన్నయ్యగారి మాటలో సగం నిజం ఉంది. కోకో పుట్టింది యాపిల్‌లో కాదు. స్టీవ్ జాబ్స్ 1985లో యాపిల్‌ను వదిలి స్థాపించిన నెక్స్ట్ సంస్థ 1989లో విడుదల చేసిన నెక్స్ట్‌స్టెప్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో దాని మూలాలు ఉన్నాయి. టిమ్ బెర్నర్స్-లీ 1990లో ప్రపంచంలోని మొదటి వెబ్ బ్రౌజర్‌ను రాసింది నెక్స్ట్ కంప్యూటర్ మీదనే. తరువాత యాపిల్ ఆ సంస్థను కొనుక్కుని, దాని పునాది మీద 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌ను నిలబెట్టింది. ఈనాటికీ మ్యాక్ ప్రోగ్రాములలో విండోను ఎన్ఎస్‌విండో అని, అక్షరాల వరుసను ఎన్ఎస్‌స్ట్రింగ్ అని రాయవలసి రావడం నెక్స్ట్‌స్టెప్‌ను సూచించే ఎన్ఎస్ అన్న ఆ పాత ఇంటిపేరు వల్లనే.

మీ అన్నయ్య మెచ్చుకునే అంశం ఏదో ఊహించగలను. డాట్ నెట్‌లో తెరలు తయారుచేసే విండోస్ ఫారమ్స్‌లో మీరు ఒక బటన్‌ను ఫారమ్ మీదికి లాగి వదిలితే, డిజైనర్ ఆ బటన్‌ను సృష్టించే సీ షార్ప్ కోడ్‌ను తెర వెనుక మీ తరఫున రాసిపెడుతుంది. నెక్స్ట్ నుంచి వచ్చిన ఇంటర్‌ఫేస్ బిల్డర్ అలా కోడ్ రాయదు. అది బటన్, విండో మొదలైన వస్తువులనే వాటి మధ్య సంబంధాలతో సహా నిబ్ అనే ఫైలులో భద్రపరుస్తుంది, ప్రోగ్రాము మొదలైనప్పుడు అవి మళ్ళీ ప్రాణం పోసుకుంటాయి. తెర రూపు మార్చినంత మాత్రాన కోడ్ చెక్కుచెదరదు. 1980ల చివరిలో ఇది ఎంతో ముందున్న ఆలోచన. తెర మీది గడికీ దాని వెనుక ఉన్న డేటాకూ నేరుగా ముడి వేసే బైండింగ్ పద్ధతి కూడా మ్యాక్‌లో 2003లోనే వచ్చింది. విండోస్‌లో డబ్ల్యూపీఎఫ్ అనే మరో డాట్ నెట్ తెరల ఫ్రేమ్‌వర్క్ ద్వారా అది అంత బలంగా రావడానికి 2006 వరకు ఆగవలసి వచ్చింది.

అయితే అప్పు ఒకవైపే లేదు. టర్బో పాస్కల్, డెల్ఫీల వెనుక ఉన్న ఆండర్స్ హెల్స్‌బర్గ్ రూపకర్తగా సీ షార్ప్ భాష, దానితో పాటు 2002లో డాట్ నెట్ వచ్చినప్పుడు, వాడి వదిలేసిన మెమరీని తానే శుభ్రం చేసుకునే ఏర్పాటు మొదటి రోజు నుంచీ అందులో ఉంది. అదే కాలంలో మ్యాక్ ప్రోగ్రామర్లు తమ భాష అయిన ఆబ్జెక్టివ్-సీలో ప్రతి వస్తువునూ ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో చేత్తో లెక్క రాసుకుంటూ గడిపారు. యాపిల్ 2007లో అలాంటి ఏర్పాటునే గార్బేజ్ కలెక్షన్ పేరుతో తెచ్చింది, 2011లో ఏఆర్‌సీ అనే వేరే పద్ధతికి మళ్ళింది, 2016కు మొదటిదాన్ని పూర్తిగా తీసివేసింది. కనుక ఎవరు ఎవరిని అనుకరించారన్న తగవు తెగదు, తెగినా మీకు ఉపయోగపడదు.

నా దృష్టిలో పోల్చవలసింది వేరే ఉంది. ఫ్రేమ్‌వర్క్ మొదటి నెలలో ఎంత అందంగా ఉందన్న దాని కంటే, పదేళ్ళ తరువాత దాని యజమాని దానిని ఏం చేస్తాడన్నది ముఖ్యం. ఇక్కడ మూడు సిస్టమ్‌ల స్వభావాలు స్పష్టంగా విడిపోతాయి.

యాపిల్ పాతదాన్ని తొలగిస్తుంది, అదీ తాను అనుకున్న గడువులోనే తొలగిస్తుంది. పాత మ్యాక్ ప్రోగ్రాములను సులువుగా కొత్త సిస్టమ్‌కు తెచ్చుకోవడానికి కార్బన్ అనే మరో మార్గాన్ని మొదట అందించి, దానికి ఎక్కువ మెమరీని వాడుకోగల 64-బిట్ రూపం ఉండబోదని 2007లో తేల్చి చెప్పింది. ఆ దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి. 2008లో వచ్చిన ఫోటోషాప్ సీఎస్4 విండోస్‌లో 64-బిట్‌గా లభించింది, ఫోటోషాప్‌కు పుట్టిల్లు అనదగిన మ్యాక్‌లో మాత్రం లభించలేదు. కోకోలోకి మార్చి రాసిన సీఎస్5 కోసం మ్యాక్ వాడకందారులు 2010 వరకు ఎదురుచూశారు. 2019లో కాటలీనా వచ్చినప్పుడు 32-బిట్ ప్రోగ్రాములు ఒక్కసారిగా ఆగిపోయాయి. అదే సంవత్సరం ప్రకటించిన స్విఫ్ట్ యూఐ ఇప్పుడు కోకో స్థానంలోకి మెల్లగా వస్తోంది. ఈ కఠినత్వం వల్ల మేలు కూడా ఉంది: మ్యాక్ ప్రోగ్రాములు ఒకే తీరుగా కనబడతాయి, కొత్తగా చేరేవారికి దారి తడుముకునే అవసరం తక్కువ.

మైక్రోసాఫ్ట్ దాదాపు దేనినీ కూల్చదు. 1998 నాటి వీబీ 6 (విజువల్ బేసిక్)తో రాసిన ప్రోగ్రాము విండోస్ 11లో ఇప్పటికీ నడుస్తుంది. అయితే వారు పాత గదులను అలాగే ఉంచి పక్కన కొత్త గది కడుతూ పోవడం వల్ల ఇంటికి వచ్చినవాడికి ఏ తలుపు తట్టాలో తెలియదు. 2002లో విండోస్ ఫారమ్స్, 2006లో డబ్ల్యూపీఎఫ్, 2007లో సిల్వర్‌లైట్, 2012లో విండోస్ 8 కొత్త యాప్‌లు, 2015లో యూడబ్ల్యూపీ, 2021లో విన్‌యూఐ 3, 2022లో మౌయి వరుసగా వచ్చాయి. వీటిలో సిల్వర్‌లైట్‌ను నమ్ముకున్నవారు 2021లో మద్దతు ముగిసేసరికి నష్టపోయారు. అందరూ ముసలిదనుకున్న విండోస్ ఫారమ్స్ మాత్రం 2019లో డాట్ నెట్ కోర్ 3.0లోకి చేరి కొత్త ఆయుష్షు పోసుకుంది.

లినక్స్‌లో యజమాని అంటూ ఒక్కరు లేరు. 1996లో మొదలైన కేడీఈ అనే డెస్క్‌టాప్ ప్రాజెక్టు, నార్వే సంస్థ ట్రోల్‌టెక్ తయారుచేసిన క్యూటీని ఎంచుకుంది. అప్పట్లో క్యూటీ లైసెన్సు పూర్తి స్వేచ్ఛనివ్వలేదన్న కారణంతో 1997లో గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్ ప్రాజెక్టు వారు జీటీకేతో వేరు కుంపటి పెట్టారు. జీటీకే మొదట జింప్ అనే చిత్రాల ప్రోగ్రాము కోసం పుట్టిన పరికరాల పెట్టె. విచిత్రమేమిటంటే, 2011లో విడుదలైన జీటీకే 3లోకి ఆ జింప్ మారడానికి 2025 పట్టింది, అప్పటికే జీటీకే 4 వచ్చి నాలుగేళ్ళు దాటింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన సబ్‌సర్ఫేస్ అనే ప్రోగ్రామే 2013లో జీటీకేను వదిలి క్యూటీకి మారిందంటే, అక్కడి లోటుపాట్లు అక్కడివారికీ తెలుసన్నమాట. అయితే లైసెన్సు గొడవ నేడు లేదు. క్యూటీ 2009 నుంచి ఎల్జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద దొరుకుతోంది, దాని షరతులకు లోబడి అమ్మకానికి పెట్టే ప్రోగ్రాములలోనూ వాడుకోవచ్చు.

మీ విషయానికి వస్తే, స్వింగ్ నేర్పిస్తున్నారని బాధపడకండి. 1998 నాటిదైనా అందులోని లేఅవుట్ మేనేజర్లు, ఈవెంట్ లిజనర్లు, తెర పనికి ఒకే థ్రెడ్ (ప్రోగ్రాములో ఏకకాలంలో నడిచే పనుల దారులలో ఒకటి) ఉండాలన్న నియమం మిగిలిన అన్నింటిలోనూ పేర్లు మార్చుకుని ఎదురవుతాయి. దాని తరువాత సీ షార్ప్‌తో డబ్ల్యూపీఎఫ్‌ను గాని, సీ ప్లస్ ప్లస్ మీద పట్టు ఉంటే క్యూటీని గాని ఎంచుకోండి. మన జిల్లాలలో దుకాణాల్లో, గ్రానైటు కంపెనీల్లో, మిల్లుల్లో బల్లల మీద కనిపించేది ఎక్కువగా విండోసే కాబట్టి నా మొగ్గు మొదటిదాని వైపు. మ్యాక్ చేతిలో ఉన్నప్పుడు స్విఫ్ట్ యూఐ నేర్చుకోవడం సుఖం, అది లేకుండా పుస్తకం చూసి నేర్చుకోవడం మాత్రం వృథా శ్రమ.

ప్రశ్న: మా బియ్యం మిల్లులో లారీ కాటాకు కలిపిన ప్రోగ్రాము చాలా ఏళ్ళ క్రితం వీబీ 6లో రాయించినది. పాత కంప్యూటర్ పాడై విండోస్ 11 ఉన్నది కొన్నాము. ఈ సందర్భంలోనే ప్రోగ్రామును కొత్తగా రాయిద్దామని మా ఆలోచన. చెన్నైలో ఉన్న మా అబ్బాయి తన మ్యాక్‌లో కూడా లెక్కలు చూడాలంటున్నాడు, రాసే కుర్రవాడేమో లినక్స్ అయితే ఖర్చు తగ్గుతుందంటున్నాడు. మూడింటిలోనూ నడిచే ఫ్రేమ్‌వర్క్ ఏదైనా ఉందా?
— బియ్యం మిల్లు యజమాని, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: ఉన్నాయి, కానీ మీకు అది అవసరం లేదని నా అభిప్రాయం. మీ పనిలో రెండు భాగాలు ఉన్నాయి. కాటా నుంచి బరువు చదివి చీటీ ముద్రించే భాగం మిల్లులోని ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఉంటుంది. లెక్కలు చూసే భాగం ఎక్కడి నుంచైనా కావాలి. మొదటి భాగాన్ని విండోస్ ఫారమ్స్‌లోనో డబ్ల్యూపీఎఫ్‌లోనో రాయించి, రెండవదాన్ని బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ పేజీగా చేయిస్తే మీ అబ్బాయిగారు మ్యాక్‌లో చూసినా, ఫోనులో చూసినా ఒకటే. మూడు సిస్టమ్‌ల కోసం ఒకే తెరను రాయించడానికి అయ్యే అదనపు ఖర్చు మీకు తిరిగి రాదు.

తొందర కూడా పడకండి. వీబీ 6 ప్రోగ్రాముకు కావలసిన మూల ఫైళ్ళు విండోస్ 11లోనే ఉంటాయి. కాటా వైరు కలిపే సీరియల్ పోర్టును చదివే ఎంఎస్‌కామ్ అనే ఓసీఎక్స్ ఫైలు మాత్రం విడిగా నమోదు చేసుకోవాలి. కొత్త కంప్యూటర్‌కు వెనుక సీరియల్ పోర్టు లేకపోతే, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుల్, దానికి 64-బిట్ డ్రైవర్ అవసరం. ఈ రెండూ సరిపోతే పాత ప్రోగ్రాముతోనే ఈ సీజను నెట్టుకురావచ్చు, ఈలోగా కొత్తదాన్ని నింపాదిగా రాయించుకోవచ్చు.

రాసే కుర్రవాడికి చూపించడానికి కొన్ని విషయాలు చెబుతాను, ఫ్రేమ్‌వర్క్‌ల తేడా నిజంగా తెలిసేది ఇలాంటి చోట్లే. కాటా ఇండికేటర్ తన బరువును అక్షరాలుగా, ఒకదాని వెంట ఒకటిగా పంపుతుంది. 14950 అన్న అంకె ఒకేసారి చేరాలని లేదు. ముందు 14, కాస్త ఆగి 950 రావచ్చు. చివరి గుర్తు వచ్చేవరకు ఆగకుండా వచ్చినంతనే చదివే ప్రోగ్రాము లోడు లారీ బరువును 950 కిలోలుగా చూపి ఊరుకుంటుంది. ఇది ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా ప్రోగ్రామర్ చూసుకోవలసిన జాగ్రత్తే.

రెండవది థ్రెడ్‌ల సంగతి. డాట్ నెట్‌లో సీరియల్ పోర్టు సమాచారం తెరను నడిపే థ్రెడ్‌లో కాకుండా వేరొక థ్రెడ్‌లో అందుతుంది. అక్కడి నుంచి నేరుగా తెర మీది బరువు గడిని మార్చబోతే విండోస్ ఫారమ్స్ అభ్యంతరం చెబుతుంది. ఇన్వోక్ ద్వారా ఆ పనిని తెర థ్రెడ్‌కు అప్పగించాలి. డబ్ల్యూపీఎఫ్‌లో ఇదే పని డిస్పాచర్ చేస్తుంది. మ్యాక్‌లో మెయిన్ క్యూకు పంపాలి, జీటీకేలో ఖాళీ సమయంలో నడిచే ఫంక్షన్‌గా అప్పగించాలి. నియమం అందరిదీ ఒకటే, తీరులోనే తేడా. ఈ ఒక్క విషయంలో నాకు క్యూటీ ముచ్చటగా అనిపిస్తుంది. వేరే థ్రెడ్‌లో ఉన్న వస్తువు పంపిన సిగ్నల్‌ను అది తానే వరుసలో నిలబెట్టి, తెర థ్రెడ్‌కు చేర్చి, ప్రోగ్రామర్‌కు ఆ బెడద లేకుండా చేస్తుంది.

మూడవది లెక్క. మన నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు కదా. లోడు బరువు 14,950 కిలోలు, ఖాళీ లారీ 4,750 కిలోలు అయితే నికరం 10,200 కిలోలు, సరిగ్గా 12 పుట్లు. నికరం 10,345 వస్తే దాన్ని దశాంశాలలో చూపించే కంటే 12 పుట్లు, 145 కిలోలు అని చూపితేనే రైతుకూ మీకూ తగవు రాదు. ఇక డబ్బు దగ్గర ఫ్లోట్, డబుల్ అనే అంకెల రకాలు వాడనివ్వకండి. పది పైసలంత చిన్న మొత్తాన్ని కూడా అవి కచ్చితంగా దాచుకోలేవు, వేల చీటీల మీద పైసలు తేలవు. సీ షార్ప్‌లో డెసిమల్ అనే రకం భాషలోనే ఉంది, స్విఫ్ట్‌కూ అలాంటిది ఉంది, జావాలో బిగ్‌డెసిమల్ ఉన్నా రాయడానికి కాస్త చేదు. క్యూటీలో ఇందుకు ప్రత్యేకమైన రకం లేదు కనుక అక్కడ మొత్తాలను పైసలలో పూర్ణాంకాలుగా ఉంచుకోవాలి. మీ మిల్లుకు నేను డాట్ నెట్ చెప్పడానికి ఇది చిన్న కారణమేమీ కాదు.

లినక్స్ మాట పూర్తిగా తీసిపారేయదగినది కాదు. డాట్ నెట్ సీరియల్ పోర్టు లైబ్రరీ లినక్స్‌లో కూడా పనిచేస్తుంది. కాకపోతే మైక్రోసాఫ్ట్ మౌయి విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఫోన్‌లకే గాని లినక్స్‌కు లేదు, తెర కోసం అవలోనియా వంటి బయటి ఫ్రేమ్‌వర్క్‌ను ఆశ్రయించాలి. మీ చీటీల ప్రింటర్‌కు లినక్స్ డ్రైవర్ ఉన్నదో లేదో ముందుగా చూసుకుని ఆ తరువాత ఖర్చు మాట ఎత్తమనండి.

ప్రశ్న: పిల్లలకు తెలుగు నేర్పే ప్రోగ్రాము రాస్తున్నాను. ఒకచోట చక్కగా కనిపించిన ఒత్తులు మరొకచోట విడిపోయి పక్కన పడుతున్నాయి. 'స్త్రీ' అన్న పదంలో ఎన్ని అక్షరాలని అడిగితే 6 అంటోంది. తెలుగుకు ఏ ఫ్రేమ్‌వర్క్ మంచిది?
— ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: యూనికోడ్‌లో మన ఒత్తులకు విడిగా సంకేతాలు లేవు. హల్లు, పొల్లు, మరో హల్లు వరుసగా ఉంటే వాటిని కలిపి ఒత్తుగా గీయడం షేపింగ్ ఇంజన్ అనే భాగం పని. విండోస్‌లో డైరెక్ట్‌రైట్, మ్యాక్‌లో కోర్ టెక్స్ట్, లినక్స్‌లో పాంగో, హార్ఫ్‌బజ్ ఆ పని చేస్తాయి. క్యూటీ, గూగుల్ వారి ఫ్లట్టర్, క్రోమియం బ్రౌజర్ ఆధారంగా నడిచే ఎలక్ట్రాన్ అనే ఫ్రేమ్‌వర్క్‌లు తమతో పాటు హార్ఫ్‌బజ్‌ను తెచ్చుకుంటాయి కాబట్టి, అదే ఫాంటును కూడా మీరే జతచేస్తే మూడు సిస్టమ్‌లలోనూ తెలుగు ఒకే రకంగా వస్తుంది. జావా కూడా 2017లో వచ్చిన 9వ వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్‌కు మారింది. మీరు వాడేది అంతకన్నా పాత జావా అయితే ముందు దాన్ని మార్చి చూడండి. విండోస్ ఫారమ్స్‌లో అక్షరాలు గీయడానికి పాత జీడీఐ ప్లస్, జీడీఐ అనే రెండు దారులు ఉన్నాయి, రెండవదానిలోనే భారతీయ లిపులు మెరుగ్గా వస్తాయి. ఫాంటు చేర్చకపోతే విండోస్ నిర్మలా యూఐని, మ్యాక్ కోహినూర్ తెలుగును ఎంచుకుంటాయి. అక్షరాల వెడల్పు మారి మీరు కొలిచి పెట్టిన గడులు చెదిరేది అందుకే.

సిస్టమ్ ఇంజన్‌నే నమ్ముకోవడంలో లాభమూ ఉంది, ముప్పూ ఉంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం, నడుమ కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిసి వచ్చినప్పుడు, ఐఫోన్ యాప్‌లను కుప్పకూల్చింది. దోషం ఏ ఒక్క యాప్‌దీ కాదు, కోర్ టెక్స్ట్‌ది. ఆ ఇంజన్‌నే పంచుకుంటున్నందువల్ల మ్యాక్ కూడా దాని బారిన పడింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6, దానితో పాటు మ్యాక్ సవరణ వచ్చాయి. ఒకచోట దిద్దితే యాప్‌లన్నీ బాగుపడ్డాయన్నది లాభం, ఒకచోట తప్పితే అన్నీ కూలాయన్నది ముప్పు. తన ఇంజన్‌ను తానే మోసుకెళ్ళే ఫ్రేమ్‌వర్క్‌లో దోషం ఉంటే ప్రతి ప్రోగ్రామునూ విడివిడిగా సవరించి మళ్ళీ పంచవలసి వస్తుంది.

ఇక 6 సంగతి. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం: మొత్తం ఆరు సంకేతాలు. సీ షార్ప్, జావా, జావాస్క్రిప్ట్, పైథాన్, క్యూటీ అన్నీ 6 అనే చెబుతాయి. యూటీఎఫ్-8లో ఉంచిన మామూలు సీ ప్లస్ ప్లస్ స్ట్రింగ్ అయితే 18 అంటుంది, అది బైట్ల లెక్క. స్విఫ్ట్ ఒక్కటే పాఠకుడి కంటికి కనిపించే గుంపుల వారీగా లెక్కిస్తుంది, అందులోనూ సంయుక్తాక్షరాలను ఎలా విడదీయాలన్నది యూనికోడ్ నియమాల వెర్షన్‌ను బట్టి మారుతుంది. పిల్లలకు చెప్పే ప్రోగ్రాములో ఈ లెక్కను ఏ ఫ్రేమ్‌వర్క్‌కూ వదలకండి. పొల్లు తరువాత హల్లు వస్తే అదే అక్షరంలో కలిపివేసే చిన్న ఫంక్షన్‌ను మీరే రాసుకోండి. బడిలో మీరు నేర్పే అక్షరానికి నిర్వచనం మీ దగ్గరే ఉంది, మైక్రోసాఫ్ట్ దగ్గరో యాపిల్ దగ్గరో లేదు.

ప్రశ్న: విండోస్ ల్యాప్‌టాప్‌లోనే ఐఫోన్ యాప్ తయారు చేయవచ్చా?
— డిప్లొమా విద్యార్థి, దర్శి

జవాబు: రాయవచ్చు, పూర్తి చేయలేరు. ఫ్లట్టర్‌లో కోడ్ అంతా విండోస్ మీద రాసి ఆండ్రాయిడ్‌లో పరీక్షించుకోవచ్చు. ఐఫోన్ రూపంలోకి మార్చి సంతకం చేసే దశకు ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్‌లో మాత్రమే నడుస్తుంది. మ్యాక్‌ను అద్దెకిచ్చే క్లౌడ్ సేవలు ఉన్నాయి. యాప్ స్టోర్‌లో పెట్టడానికి యాపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి, గూగుల్ ప్లేకు ఒకేసారి 25 డాలర్లు. ముందు ఆండ్రాయిడ్‌లో పెట్టి, వాడేవారు దొరికాక ఐఫోన్ సంగతి చూడండి.

ప్రశ్న: మా దుకాణంలోని 4 జీబీ కంప్యూటర్‌లో రెండు మూడు కొత్త ప్రోగ్రాములు తెరిస్తే చాలు, మొరాయిస్తోంది. పాత ప్రోగ్రాములతో ఈ బాధ లేదు. కారణమేమిటి?
— మందుల దుకాణం నిర్వాహకుడు, మార్కాపురం

జవాబు: అవి ఎలక్ట్రాన్‌తో తయారైనవి కావచ్చు. 2013లో గిట్‌హబ్‌లో మొదలైన ఈ ఫ్రేమ్‌వర్క్ ప్రతి ప్రోగ్రాముతోనూ ఒక క్రోమియం బ్రౌజర్‌ను, నోడ్ జేఎస్‌ను జతచేసి పంపుతుంది. మూడు ప్రోగ్రాములు తెరిస్తే మూడు బ్రౌజర్లు తెరిచినట్టే. రాసేవారికి మూడు సిస్టమ్‌లకూ ఒకే కోడ్‌తో పని జరుగుతుంది, ఆ సౌకర్యానికి మెమరీ రూపంలో మూల్యం చెల్లించేది వాడేవారు. విజువల్ స్టూడియో కోడ్ వంటి మంచి ప్రోగ్రాములు కూడా ఈ దారిలోనే వచ్చాయి కాబట్టి దీన్ని చెడ్డదనలేము. సిస్టమ్‌లో అప్పటికే ఉన్న వెబ్‌వ్యూను వాడుకునే టౌరీ వంటివి పరిమాణంలో చాలా చిన్నవి. మీ మట్టుకు, టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ అనే గడి మీద నొక్కితే ఎక్కువ తినేవి పైకి వస్తాయి. వాటిలో కంప్యూటర్ మొదలవగానే తమంతట తాము తెరుచుకునేవాటిని స్టార్టప్ జాబితా నుంచి తీసివేయండి. అప్పటికీ తీరకపోతే మరో 4 జీబీ ర్యామ్ వేయించడం కొత్త కంప్యూటర్ కొనడం కంటే చవక.